రేగెన్స్‌బర్గ్‌లో ఒక్క రోజు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జర్మనీలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల నుంచి, ఆఫీసు పనిమీద వెళ్లే ఉద్యోగుల నుంచి ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో డాన్యూబ్ ఒడ్డునున్న రేగెన్స్‌బర్గ్ ప్రస్తావన తరచుగా కనిపిస్తోంది. అందుకని ఈ సంచికలో ఆ ఊరి గురించి బెంగళూరు పాఠకులు అడిగిన ప్రశ్నలనే తీసుకున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు మ్యూనిక్‌లో ఉంటున్నారు. సెప్టెంబరులో మేమిద్దరం వాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. ఒక శనివారం రేగెన్స్‌బర్గ్ చూపిస్తామంటూ అల్లుడు పెద్ద జాబితా పంపాడు. రాతి వంతెన, పెద్ద చర్చి, రాజభవనం, పాత టౌన్ హాలు, పడవ ప్రయాణం, వాల్‌హాలా అనే కొండమీది మందిరం, ఇంకా మ్యూజియంలు అందులో ఉన్నాయి. నాకు మోకాళ్ల నొప్పులు. మా వారికేమో చరిత్ర అంటే ప్రాణం. ఇందులో ఏవి ఉంచుకోవాలి, ఏవి వదులుకోవాలి?
— ఒక పాఠకురాలు, మల్లేశ్వరం

జవాబు: అమ్మా, ఆ జాబితాలోంచి ముందుగా వాల్‌హాలాను కొట్టేయండి. ఊరికి సుమారు 10 కిలోమీటర్ల దూరంలో, డాన్యూబ్‌ను ఆనుకుని ఉన్న కొండమీద బవేరియా (రేగెన్స్‌బర్గ్, మ్యూనిక్ ఉన్న ప్రాంతం) రాజు మొదటి లుడ్విగ్ గ్రీకు దేవాలయం పోలికతో కట్టించిన స్మారక మందిరం అది. 1830లో మొదలై 1842లో పూర్తయింది. పైనుంచి నది, మైదానం చూడముచ్చటగా ఉంటాయన్నది నిజమే. అయితే పడవ దిగినవారు 358 మెట్లు ఎక్కాలి, రానూపోనూ సగం రోజు అక్కడే గడిచిపోతుంది, మిగిలిన సగం మీ మోకాళ్ల సేవకు సరిపోతుంది. రాజభవనాన్ని కూడా వదిలేయవచ్చు. ఐరోపాలో తరతరాలుగా టపా నడిపి ఐశ్వర్యవంతులైన తుర్న్ ఉండ్ తాక్సిస్ వంశంవారు ఒక పాత మఠాన్ని తమ నివాసంగా మార్చుకున్న భవనం అది. మైసూరు ప్యాలెస్ చూసిన కళ్లకు ఆ గదులు పెద్ద వింతగా తోచవు.

ఇక మిగిలినవన్నీ పాతబస్తీలోనే, ఒకదానికొకటి కూతవేటు దూరంలో ఉన్నాయి. నా సలహా ఏమిటంటే, రోమన్ల కాలపు ద్వారానికీ రాతి వంతెనకూ మధ్యనున్న ఆ కాస్త చోటులోనే సగం రోజు నిదానంగా గడపండి. ఆ ఊరు అక్కడ ఎందుకు పుట్టిందో, ఎలా బాగుపడిందో, మళ్లీ ఎలా చితికిపోయిందో ఆ నాలుగు వీధుల్లోనే తెలిసిపోతుంది.

డాన్యూబ్ తన ప్రయాణం మొత్తంలో అన్నిటికంటే ఉత్తరానికి వచ్చేది ఇక్కడే. నాబ్, రేగెన్ అనే రెండు నదులు ఉత్తరం నుంచి వచ్చి ఇక్కడే దానిలో కలుస్తాయి. ఆ కాలంలో డాన్యూబే రోమన్ సామ్రాజ్యానికి సరిహద్దు కనుక, ఉత్తరాది తెగలు ఈ రెండు లోయల వెంబడి దిగివస్తాయన్న భయంతో, క్రీ.శ. 179లో చక్రవర్తి మార్కస్ ఆరేలియస్ హయాంలో సుమారు 6,000 మంది సైనికులకు సరిపడే కోటను ఈ ఒడ్డున కట్టారు. ఆ కోట ఉత్తరపు ద్వారం, దాని పక్కనున్న బురుజులో ఒక భాగం నేటికీ నిలిచి ఉన్నాయి. పెద్ద చర్చి వెనక సందులోకి తిరిగితే, తెల్లసున్నం కొట్టిన మామూలు గోడ మధ్యలోంచి బూడిదరంగు రాతి దిమ్మెలు, సగం కమాను హఠాత్తుగా బయటపడతాయి. శతాబ్దాల తరబడి ఆ ద్వారం మీద ఇళ్లు, బిషప్‌గారి బీరు తయారీశాల వగైరాలు కట్టుకుంటూ పోవడంవల్ల అది వాటి గోడల్లో కలిసిపోయి, 1885లో ఒక కట్టడాన్ని కూల్చినప్పుడు మాత్రమే మళ్లీ వెలుగు చూసింది. అక్కడ టికెట్టు లేదు, వరుస లేదు. మీ వారిని ఆ గోడ ముందు కాసేపు వదిలేయండి.

అక్కడినుంచి వంతెన చాలా దగ్గర. 1135లో మొదలుపెట్టి 1146 నాటికి, అంటే పదకొండేళ్లలో, 16 కమానులతో 300 మీటర్లకు పైగా పొడవున దీన్ని కట్టారు. ఆ తర్వాత దాదాపు 800 ఏళ్లపాటు ఈ ఊళ్లో డాన్యూబ్ దాటడానికి ఇదొక్కటే వంతెన. 1189లో చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా మూడో క్రూసేడుకు, అంటే జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన మతయుద్ధానికి, తన సైన్యంతో బయలుదేరింది ఈ ఊరి నుంచే. నడివంతెన మీద ఆగి పిట్టగోడ పక్కనుంచి కిందికి చూడండి. స్తంభాలకు కాపలాగా ఒక్కొక్కదాని చుట్టూ పడవ ఆకారంలో రాళ్ల దిబ్బలు పేర్చి ఉంటాయి. అవి నీటిదారిని ఇరుకు చేయడంవల్ల కమానుల కింద నది ఒరుసుకుంటూ దూసుకుపోయి, అవతలికి రాగానే సుడులు తిరుగుతుంది. వంతెన నిలవడానికి కారణమైన ఆ దిబ్బలే పడవలవాళ్ల పాలిట శాపమయ్యాయి, ప్రవాహానికి ఎదురు వెళ్లే పడవను ఆ కమానుల కిందనుంచి లాక్కుపోవడం పెద్ద యాతన. 1997 నుంచి కార్లు తిరగడం లేదు కనుక మీరు నిశ్చింతగా మధ్యలో నిలబడవచ్చు. సైకిళ్లను మాత్రం కనిపెట్టుకుని ఉండాలి, వాళ్లు గంట కొట్టి తప్పుకొమ్మంటారే గాని వేగం తగ్గించరు.

వంతెన మీద చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చర్చి వైపు చూస్తున్న కుర్రవాడి బొమ్మ ఒకటి ఉంటుంది. వంతెన కట్టే మేస్త్రీ, చర్చి కట్టే మేస్త్రీ ఎవరు ముందు పూర్తి చేస్తారని పందెం వేసుకున్నారనీ, వంతెన మేస్త్రీ సైతాను సాయం తీసుకుని, దాటే మొదటి మూడు ప్రాణాలు నీవేనని మాట ఇచ్చాడనీ, తీరా పని అయ్యాక ఒక కోడిపుంజునూ పెట్టనూ కుక్కనూ తోలాడనీ అక్కడివారు కథ చెబుతారు. కోపంతో సైతాను వంతెనను కిందినుంచి పొడిస్తే నడుము దగ్గర అది ఉబ్బిపోయిందట. కథ బాగుంది గాని, వంతెన పూర్తయిన 125 ఏళ్లకు పైగా గడిచాకే ఇప్పటి చర్చి పని మొదలైంది. ఇద్దరు మేస్త్రీలు ఒకరి ముఖం ఒకరు చూసే అవకాశమే లేదు.

వంతెన తెచ్చిన వ్యాపారంతో ఊరు బలిసింది. వర్తకులు ఇటలీ నగరాలను చూసి ఇంటి పక్కన ఎత్తైన గోపురాలు లేపడం మొదలుపెట్టారు. వాటిలో 50 మీటర్ల ఎత్తున్న బంగారు గోపురం అనేది వాలెన్ వీధిలో ఇప్పటికీ ఉంది. అందులో విద్యార్థులు అద్దెకుంటున్నారని తెలిస్తే మీ అల్లుడికి కాస్త అసూయ కలగవచ్చు. ఆ సొమ్ముతోనే, 1273లో అగ్నిప్రమాదం జరిగిన తర్వాత, సెయింట్ పీటర్ పెద్ద చర్చిని గోథిక్ శైలిలో కట్టడం ఆరంభించారు. దాని జంట శిఖరాలు మాత్రం 1859–1869 మధ్య లేచాయి. లోపల బెంచీలు ఉంటాయి, ప్రవేశానికి రుసుము లేదు, మీ మోకాళ్లకు అంతకన్న మంచి విడిది దొరకదు. కూర్చుని 13, 14 శతాబ్దాల రంగు అద్దాలను చూడండి. తర్వాత స్తంభాల దగ్గర నవ్వుతున్న దేవదూత శిల్పాన్ని వెతకండి. సుమారు 1280 నాటి ఆ శిల్పంలో గాబ్రియేల్ పళ్లు కనబడేలా నవ్వుతుంటాడు, చర్చిల్లో అలాంటి నవ్వు అరుదు. పడమటి ద్వారానికి లోపలివైపు గూళ్లలో సైతాను, వాడి నాయనమ్మ కూర్చుని ఉంటారు. 2009లో అమర్చిన ఆర్గన్ వాద్యం నాలుగు ఉక్కు తాళ్ల మీద గాల్లో వేలాడుతుంది, వాయించే ఆయన లిఫ్టులో పైకి వెళ్లాలి.

మధ్యాహ్నం భోజనం తర్వాత పాత టౌన్ హాలుకు వెళ్లండి. నాట్యవేడుకల కోసం 14వ శతాబ్దంలో కట్టిన అక్కడి పెద్ద గదిలో 1663 నుంచి 1806 వరకు పవిత్ర రోమన్ సామ్రాజ్యపు (పాత రోమన్లది కాదు, నాటి జర్మన్ రాజ్యాల కూటమి) ప్రతినిధి సభ విరామమెరుగకుండా సాగింది. గైడు వెంట మాత్రమే లోపలికి పంపుతారు. పర్యాటక సమాచార కార్యాలయం అక్కడే ఉంది కనుక ఇంగ్లీషు గైడు వేళలను పొద్దున్నే కనుక్కోవాలి. కొన్ని మెట్లు ఎక్కక తప్పదు. నేరస్థులను హింసించిన నేలమాళిగ కూడా చూపిస్తారు, దాన్ని మీరు మీ వారికి వదిలేయవచ్చు.

చివరగా నోయ్‌ఫార్ చౌకుకు రండి. కాలక్రమంలో వ్యాపారమంతా నూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్ నగరాలకు తరలిపోవడంతో రేగెన్స్‌బర్గ్ అప్పులపాలైంది. ఊరి జనం ఆ కసిని యూదుల మీద తీర్చుకున్నారు. వారికి అండగా ఉన్న చక్రవర్తి మాక్సిమిలియన్ 1519 జనవరిలో మరణించగానే, మరుసటి నెలలోనే నగర సభ యూదులందరినీ వెళ్లగొట్టి వారి పేటను, ప్రార్థనా మందిరాన్ని నేలమట్టం చేసింది. నగర సభ సభ్యుడైన చిత్రకారుడు ఆల్‌బ్రెష్ట్ ఆల్ట్‌డోర్ఫర్ కూల్చడానికి ముందు ఆ మందిరం లోపలి రూపాన్ని లోహపు రేకు మీద చెక్కి దాచాడు. వెళ్లగొట్టిన చేతుల్లో ఒకటే ఆ రూపాన్ని మనకు మిగల్చడం విచిత్రం. 1990లలో తవ్వకాలు జరిగి ఆ ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. ప్రార్థనా మందిరం ఉన్నచోట ఇజ్రాయెలీ శిల్పి డాని కరవాన్ తెల్లటి రంగులో దాని పునాది ఆకారాన్ని 2005లో నేలమీద పరిచాడు. దానిమీద ఎవరైనా కూర్చోవచ్చు, పిల్లలు ఎక్కి దూకుతుంటారు, అదేమీ తప్పు కాదు. మీ వారికి చరిత్ర మీద నిజంగా అంత ప్రాణమైతే, తిరుగు రైలు ఒకటి తప్పినా ఫరవాలేదు గాని ఈ చోటు తప్పకూడదు.

ప్రశ్న: రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ నగరాలన్నీ బాంబులకు నేలకూలాయని చదివాను. రేగెన్స్‌బర్గ్‌లో మనం చూసేది నిజంగా పాతదేనా, తిరిగి కట్టుకున్నదా?
— ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఇందిరానగర్

జవాబు: చాలావరకు పాతదే. అందుకే 2006లో యునెస్కో ఆ పాతబస్తీని, వంతెనకు అవతలి ఒడ్డునున్న ష్టాట్‌ఆమ్‌హోఫ్‌తో సహా, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఊరి పడమటి పక్కనున్న మెసర్‌ష్మిట్ విమాన కర్మాగారం మీద అమెరికన్లు 1943 ఆగస్టు 17న పెద్దయెత్తున బాంబులు వేశారు. పాత నగరం మాత్రం పెద్దగా దెబ్బతినకుండా బయటపడింది. అయితే యుద్ధం నుంచి తప్పించుకోవడం కథలో సగమే. అంతకుముందు మూడు, నాలుగు వందల ఏళ్లు ఊరి చేతిలో డబ్బు ఆడకపోవడంవల్ల పాత ఇళ్లను కూల్చి కొత్త పద్ధతిలో కట్టుకునే స్తోమత ఎవరికీ లేకపోయింది. ఇవాళ యాత్రికులు మెచ్చుకునే సందులన్నీ ఆ లేమి మిగిల్చినవే.

వంతెనకు మాత్రం గాయం తప్పలేదు. వెనక్కి తగ్గుతున్న జర్మన్ సైన్యమే 1945 ఏప్రిల్ 23న దానిలో కొంత భాగాన్ని పేల్చివేసింది. పూర్తిగా బాగుచేసేసరికి 1967 వచ్చింది. ఆ తర్వాత 2010 నుంచి 2018 దాకా మళ్లీ మరమ్మతులు జరిగాయి. సరిగ్గా పేల్చిన రోజే, ఊరిని పోరాటం లేకుండా అమెరికన్లకు అప్పగించమని కోరుతూ జనం, ముఖ్యంగా ఆడవారు, గుమిగూడారు. వారి తరఫున మాట్లాడిన చర్చి బోధకుడు యోహాన్ మాయర్‌ను అరెస్టు చేసి, ఆ రాత్రి గడిచేలోగా ఉరితీశారు. నాలుగు రోజులు తిరగకముందే అమెరికన్ సైన్యం ఊళ్లోకి వచ్చింది, ఊరు పోరాడలేదు.

ఆయనను ఉరితీసిన చోటును ఇప్పుడు డాఖావ్ చౌకు అంటారు. ఆ చౌకులోనే చరిత్ర మ్యూజియం ఉంది, క్రీ.శ. 179 నాటి కోట శంకుస్థాపన శాసనం అందులోనే ఉంది. పక్కనున్న కార్ల పార్కింగు భవనంలోకి కూడా ఒకసారి తొంగి చూడండి. తవ్వకంలో దొరికిన రోమన్ కోటగోడను తీసివేయకుండా, దాని చుట్టూ పార్కింగు కట్టారు. కార్ల వరుస పక్కన 1,800 ఏళ్ల గోడ, దాన్ని పట్టించుకోకుండా పార్కింగు రసీదు కోసం జేబులు తడుముకునే జనం కనిపిస్తారు.

ప్రశ్న: మేం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. వంతెన పక్కన ఏదో ప్రసిద్ధమైన పాత హోటలుందని అందరూ చెబుతున్నారు. అక్కడ మాకేమైనా దొరుకుతుందా?
— ఒక పాఠకుడు, జయనగర్

జవాబు: మీరు విన్నది వంతెన పక్కనున్న సాసేజీల వంటిల్లు గురించి. కొన్ని వందల ఏళ్లుగా నడుస్తున్న ఆ చిన్న ఇంట్లో పంది మాంసపు సాసేజీలను బొగ్గుల మీద కాల్చి, పులియబెట్టిన క్యాబేజీతో, తియ్యని ఆవపిండితో వడ్డిస్తారు. మీకు అక్కడ ఆకలి తీరదు. డాన్యూబ్ వరదలు ఎక్కడిదాకా వచ్చాయో దాని గోడమీద గీతలు గీసి సంవత్సరాలు వేసి ఉంటారు, వాటిని చూసి వచ్చేయండి.

జర్మనీలో శాకాహారమంటే గుడ్డు, పాలు రెండూ ఉండవచ్చు. కనుక మీరు ‘వేగన్’ అని రాసి ఉన్నవాటినే అడగండి, లేదా మెనూలో వంటకం పక్కనున్న చిన్న అక్షరాలను చూడండి. ఎలర్జీ కలిగించే పదార్థాలను తెలియజేయడం ఐరోపా చట్టం ప్రకారం తప్పనిసరి కనుక గుడ్డుకు కూడా ఒక గుర్తు ఉంటుంది, ఏ అక్షరం దేనికన్న వివరం మెనూ చివరి పేజీలో దొరుకుతుంది. చీజ్ వేసిన నూడుల్స్‌లాంటి వంటకాన్ని శాకాహారమని చూపిస్తారు గాని ఆ పిండిలో గుడ్డు కలుపుతారు. బంగాళాదుంప సలాడ్ చూడటానికి అమాయకంగానే ఉంటుంది, బవేరియాలో దాన్ని చాలాచోట్ల మాంసపు రసంతో తడుపుతారు, అడగకుండా తినవద్దు. ఫలాఫెల్ (శనగల వడలు) రొట్టె చుట్టలు అమ్మే చిన్న దుకాణాలు మీకు ఎక్కువ పనికొస్తాయి, సాస్ ఏమిటని మాత్రం అడగండి.

అన్నిటికన్న తేలిక మార్గం బస చేసిన ఇంట్లో పులిహోర కలుపుకుని డబ్బాలో పట్టుకెళ్లడం. నది ఒడ్డున బల్లల మీద కూర్చుని తింటే ఎవరూ ఏమీ అనరు. బెంగళూరు నుంచి పచ్చళ్లు, పొడులు తీసుకువెళ్లవచ్చు గాని, నెయ్యి, పాలకోవా వంటి పాల పదార్థాలను ఐరోపా దేశాల్లోకి అనుమతించరు. హోటళ్లలో మంచినీళ్లు ఊరికే పెట్టరు, సీసా కొనాల్సిందే. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగవచ్చు కనుక మీ సీసా నింపుకుని బయలుదేరండి.

ప్రశ్న: ఇంటర్ పిల్లలకు కెప్లర్ సూత్రాలు బోధిస్తాను. ఆయన రేగెన్స్‌బర్గ్‌లో చనిపోయారని చదివాను. అక్కడ ఆయన సమాధి చూడవచ్చా?
— ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయిని, కె.ఆర్. పురం

జవాబు: సమాధి లేదమ్మా. గ్రహాల గమనానికి మొదటి రెండు సూత్రాలను 1609లో, మూడోదాన్ని 1619లో లోకానికి అందించిన యోహానెస్ కెప్లర్ తనకు రావలసిన జీతం బకాయిల కోసమే 1630 శరత్కాలంలో గుర్రమెక్కి రేగెన్స్‌బర్గ్ వచ్చారు. చక్రవర్తి, ఆయనను ఎన్నుకునే హక్కున్న ‘ఎలెక్టర్లు’ అనే పాలకులు అప్పుడు అక్కడ సమావేశమై ఉన్నారు, ఎవరినైనా పట్టుకుని బాకీ రాబట్టుకోవాలని ఆయన ఆశ. వచ్చిన కొన్నాళ్లకే జ్వరం తగిలి నవంబరు 15న కన్నుమూశారు, బాకీ మాత్రం వసూలు కాలేదు. ఊరి గోడల బయటనున్న ప్రొటెస్టెంటు శ్మశానంలో ఆయనను ఖననం చేశారు. అప్పుడు ఐరోపాలో సాగుతున్న ముప్ఫై ఏళ్ల యుద్ధంలో ఆ శ్మశానం కొద్ది సంవత్సరాలకే ధ్వంసమై సమాధి ఆనవాలు కూడా లేకుండా పోయింది. నిన్నటిదాకా ఆకాశాన్ని కొలిచాను, ఇక భూమి నీడలను కొలుస్తాను అన్న అర్థంలో తన సమాధికోసం ఆయనే రాసుకున్న లాటిన్ పద్యం మాత్రం మిగిలింది.

ఆయన చనిపోయిన ఇల్లు ఇప్పుడు ఆయన పేరనే ఉన్న వీధిలో చిన్న మ్యూజియంగా ఉంది. వాతావరణం బాగుంటే రైల్వే స్టేషన్‌కు దగ్గరలో, పాతబస్తీని చుట్టి ఉన్న తోటలో 1808లో కట్టిన గుండ్రటి స్తంభాల మండపం లాంటి స్మారకం కూడా చూడండి. తిరుగు ప్రయాణంలో అది దారిలోనే ఉంటుంది, దానికోసం విడిగా సమయం కేటాయించనక్కరలేదు. మీ పిల్లలకు చెప్పదగ్గ మాట ఒకటుంది. కెప్లర్‌ను జీతం లేకుండా తిప్పించుకున్న దేశంలోనే, తర్వాత వాల్‌హాలా మందిరంలో ఆయన పాలరాతి ప్రతిమను నిలబెట్టారు.

ప్రశ్న: మేం ఐదుగురం సహోద్యోగులం. శిక్షణ కోసం మ్యూనిక్ వెళ్తున్నాం. రేగెన్స్‌బర్గ్‌కు రైలా, అద్దె కారా? వారంలో ఏ రోజు మంచిది?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: రైలే మంచిది. మ్యూనిక్ నుంచి ప్రాంతీయ రైల్లో సుమారు గంటన్నర పడుతుంది. బవేరియా టికెట్ అనే రోజువారీ టికెట్‌ను ఐదుగురు కలిసి ఒకటే తీసుకోవచ్చు, ఆ రాష్ట్రమంతటా ప్రాంతీయ రైళ్లలోనూ ఊరి బస్సుల్లోనూ చెల్లుతుంది. ప్రయాణికుల పేర్లు టికెట్ మీద రాయాలి. వేగవంతమైన ఐసీఈ రైళ్లలో అది చెల్లదు, పొరపాటున ఎక్కితే జరిమానా కట్టాలి. పనిరోజుల్లో ఉదయం 9 గంటల తర్వాతే వాడాలి, శని, ఆదివారాల్లో ఆ నియమం లేదు. స్టేషన్ నుంచి పాతబస్తీలోకి మాక్సిమిలియన్ వీధి వెంట తిన్నగా నడిచి వెళ్లవచ్చు, నడవలేనివారికి చిన్న బస్సు ఉంది.

సోమవారం వెళ్లవద్దు, చాలా మ్యూజియంలు మూసి ఉంటాయి. ఆదివారం దుకాణాలు తెరవరు, అయితే ఉదయం 10 గంటల ప్రార్థనలో పెద్ద చర్చి గాయక బృందం పాడుతుంది. 975లో బిషప్ వోల్ఫ్‌గాంగ్ స్థాపించిన బడి నుంచి వచ్చిన బృందం అది. కొనుగోళ్ల మీద ఆశ లేనివారు ఆదివారమే ఎంచుకోవచ్చు గాని, ఆగస్టు నుంచి సెప్టెంబరు మధ్యదాకా బవేరియా బడులకు సెలవులు, ఆ రోజుల్లో ఆ పిల్లలు పాడరు. నెలల సంగతి అడగలేదు గాని చెబుతాను, డిసెంబరులో నాలుగు దాటగానే పొద్దు గుంకుతుంది, జూన్‌లో రాత్రి తొమ్మిది దాకా వెలుగుంటుంది. మీ శిక్షణ ఏ నెలలో పడిందో దాన్నిబట్టి వంతెనను పొద్దున చూడాలా, సాయంత్రం చూడాలా అన్నది నిర్ణయించుకోండి. గట్టి అడుగున్న బూట్లు మాత్రం ఏ నెలలోనైనా వేసుకోవాలి, పాతబస్తీ వీధుల్లో గుండ్రాళ్లు పరిచి ఉంటాయి, వానపడితే జారుతాయి.